యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము – చచ్చిన పంటి ప్రశ్న

మహనీయుల జీవితములను చదువుటవలన రెండు ప్రయోజనములు గలవు. వారి నడవడి నెఱిగి మన నడవడిని దిద్దుకొనుట మొదటిది. వారు చేయబూనిన పని యెంతవఱకు సాగినదో, మనకొఱకు ఇంకెంత మిగిలియున్నదో తెలిసికొనుట రెండవది. ఈ సంచికలో మేము వ్రాయబూనిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రమున ఈ రెండవ ప్రయోజనము మిక్కిలిగా గలదు.

సుబ్బారావుగారు దంతవైద్యులు కారు. ఐనను వారి కథను పంటితో ముడివెట్టి చెప్పుటకు కారణము గలదు. ప్రత్తిచేలు, మిరపకల్లములు గల మన గ్రామములలో పిల్లలు బండ్లమీదనుండియు, చెట్లమీదనుండియు, చెడుగుడాటలోను పడి ముందరి పండ్లను దెబ్బతీసికొనుట క్రొత్త గాదు. అట్లు దెబ్బతిన్న పన్ను కొన్ని వారములకో నెలలకో నల్లబడును. పెద్దలు లవంగనూనె యద్దుదురు, కొందఱు పొగాకు అదిమి పెట్టుదురు, తుదకు పీకించివేయుదురు. ఇప్పుడు పట్టణములకు పోయి వచ్చువారు వేఱొక మాట తెచ్చుచున్నారు. చచ్చిన పంటికి రూట్ కెనాల్ చికిత్స యక్కఱలేదనియు, దానికి మరల జీవము పోయవచ్చుననియు ఆ మాట. ఇది యెంతవఱకు నిజము? ఏ వయసువారి పంటికి నిజము? దీనికి సమాధానము చెప్పు దారి సుబ్బారావుగారి ప్రయోగశాలమీదుగా పోవుచున్నది. కావున ముందు వారి కథ చెప్పి పిమ్మట పంటి కథకు వత్తుము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూశాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యమువలన ఆయన గడువునకు ముందే యుద్యోగము మానుకొనవలసివచ్చెను. సంసారము పెద్దది, రాబడి కొంచెము. తల్లి వెంకమ్మగారు గట్టి మనసుగల యిల్లాలు. బిడ్డడు చదువుకొని పైకి రావలెనని ఆమె పట్టుదల.

బాలునకు మాత్రము చదువుమీద అంతగా మనసు నిలువలేదు. పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని బయలుదేఱెను. దారిలోనే పట్టువడి ఇంటికి తేబడెను. తల్లి వానిని మరల బడికి పంపెను. రాజమహేంద్రవరమున చదివి, మెట్రిక్యులేషను పరీక్షలో ఒకమాఱు గాదు, రెండుమాఱులు తప్పి, మూడవమాఱు చెన్నపురి హిందూ హైస్కూలునుండి వ్రాసి గెలిచెను. ఆ నడుమనే తండ్రి గతించెను. పరీక్ష తప్పిన దినమున లోకమంతయు ముగిసిపోయినదని తలచు బాలబాలికలు ఈ సంగతిని మనసున నుంచుకొందురు గాక.

చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనసు సన్న్యాసము వైపు మరలెను. రామకృష్ణమఠమున చేరగోరెను. తల్లి యనుమతి లేనిదే చేర్చుకొనుటకు వీలులేదని మఠమువారు తెలిపిరి. ఆమె యనుమతింపలేదు. వైద్యము నేర్చి దీనజనులకు సేవచేయుట యుత్తమమని పెద్దలు హితవు చెప్పగా ఆయన చెన్నపురి వైద్యకళాశాలలో చేరెను. 1919లో అనపర్తి కాపురస్థులగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని వివాహమాడెను. మామగారు చదువునకు ధనసహాయము చేసిరి.

అవి దేశమున స్వదేశోద్యమము ప్రబలిన దినములు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలో గూడ ఖద్దరు అంగీ ధరించిరి. శస్త్రచికిత్సాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డుదొరకు ఇది కోపకారణమయ్యెను. తక్కిన విషయములలో చక్కగా వ్రాసినను, తుదకు ఆయనకు ఎం. బి. బి. ఎస్. పట్టము రాక, దానికంటె తక్కువదగు ఎల్. ఎం. ఎస్. మాత్రమే లభించెను.

ఆ కాలముననే ఇంట పెద్ద దుఃఖము సంభవించెను. ఆయన సోదరులిద్దఱు స్ప్రూ అను వ్యాధిచే స్వల్పకాలములో ఒకరి వెనుక నొకరు మరణించిరి. ఈ వ్యాధిలో తిన్న యన్నము ఒంట బట్టదు, నాలుక పూచి యెఱ్ఱబడును, నోరు పుండగును, రక్తము క్షీణించును. నోటిలో కనబడునది శరీరములోపలి లోపమునకు గుర్తు అని ఈ వ్యాధి తెలుపుచున్నది. సుబ్బారావుగారికిని ఆ వ్యాధి సోకెను. ఆయుర్వేద వైద్యులగు ఆచంట లక్ష్మీపతిగారి మందుచే ఆయన కోలుకొనిరి. పిమ్మట చెన్నపురి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, సోదరులను మింగిన వ్యాధికి కారణమేమో కనుగొనవలెనని నిశ్చయించుకొనిరి. మామగారి సాయముతోను, కాకినాడ సత్యలింగనాయకరు ధర్మనిధి వారి యాదరముతోను, 1920 తరువాతి తొలి యేండ్లలో ఓడయెక్కి అమెరికాకు పోయి బోస్టను నగరము చేరిరి.

మన గుంటూరివారికి ఈ సముద్రయాత్ర మఱియొక యాత్రను జ్ఞప్తికి దెచ్చును. 1883లో అన్నా కుగ్లరమ్మగారు అమెరికానుండి వైద్యవిద్యతో గుంటూరికి వచ్చి, 1898లో ఇచ్చట స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెఱచిరి. ఆమె తెచ్చినది తెలిసిన వైద్యము. సుబ్బారావుగారు వెదకబోయినది ఎవ్వరికిని తెలియని వైద్యము. ఒకరు ఇటు, ఒకరు అటు సముద్రము దాటిరి. దీనులయెడ కరుణ ఇరువురకును సమానము.

బోస్టనులో జీవనము సుఖముగా జరుగలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల వైద్యము చదువుచు, పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళ రోగులకు ఊడిగము చేసిరి. భార్యను స్వదేశమున విడిచిపోయిరి. పిమ్మట పుట్టిన మగశిశువు తండ్రి కంటబడకయే పసితనమున చనిపోయెను. ఆ శిశువును జూడని తండ్రియు మరల స్వదేశము చూడలేదు. శేషగిరిగారు పడిన కష్టమును గూడ ఈ చరిత్రమున లెక్కింపవలయును. ఒకరి కీర్తివెనుక మఱియొకరి మౌనత్యాగము తఱచుగా నుండును.

1924లో ఉష్ణదేశవైద్యమున పట్టము పొంది, హార్వర్డులోనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కె అను పండితుని క్రింద చేరిరి. 1925లో వీరిరువురు కలసి రక్తములోను, మూత్రములోను గల భాస్వరము ఎంతయో కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. భాస్వరము గల ద్రవమునకు మాలిబ్డేటు అను ద్రవ్యము చేర్చి, మఱియొక ద్రవ్యముచే మార్పు కలిగించిన నీలివర్ణము పుట్టును. భాస్వరమెక్కువైన నీలిమ యెక్కువగును. ఆ నీలిమను కొలిచిన భాస్వరమును కొలిచినట్లే. పని చిన్నదిగా దోచును. ఐనను లోకమందలి ప్రయోగశాలలలో ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యను పేర అది పలు దశాబ్దములు వాడుకలో నుండెను.

పంటికి సంబంధించిన మొదటి సంగతి ఇక్కడనే గలదు. పంటిమీది తెల్లని గట్టిపొర తూకములో నూటికి తొంబదియైదు పాళ్ళు ఖనిజము. ఆ ఖనిజము కాల్షియము, భాస్వరము కూడి యేర్పడినది. ఎముకలు, పండ్లు గట్టిపడుటకు భాస్వరమెంతయో తెలియనిదే వాని యారోగ్యమును గూర్చి వట్టి యూహలే చెప్పవలసివచ్చును. కొలత వచ్చిన పిమ్మటనే శాస్త్రము నిలుచును.

ఆ కొలతయే సుబ్బారావుగారిని ముందునకు గొనిపోయెను. కండరములలోని భాస్వరమును కొలుచుచుండగా అందొక పదార్థము కండరము శ్రమించినపుడు విడిపోవుటయు, విశ్రమించినపుడు మరల కూడుటయు కనబడెను. అది ఫాస్ఫోక్రియాటిన్. ఆ సంగతి 1927లో ప్రకటింపబడెను. కండరపు బలమునకు లాక్టిక్ ఆమ్లమే మూలమను మతమునకు 1922లో నోబెల్ బహుమానము వచ్చియుండెను. ఆ మతమును ఈ కొలత కదల్చెను. 1929లో కణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును ఫిస్కె, సుబ్బారావుగార్లు వేఱుపఱచిరి. అదే సమయమున జర్మనీలో లోమన్ అను పండితుడును దానిని స్వతంత్రముగా కనుగొనెను. 1930లో సుబ్బారావుగారికి డాక్టరు పట్టము లభించెను. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగము దొరకలేదు.

1940లో ఆయన హార్వర్డు విడిచి, న్యూయార్కు సమీపమున పెర్ల్ రివరులో నున్న లెడర్లే ఔషధశాలలో చేరి, తరువాత పరిశోధనలకు అధ్యక్షులైరి. సోదరుల మరణమునకు సమాధానము ఇచ్చటనే దొరకెను. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూరోగికి రక్తము పట్టించునది ఇదే. నేడు గర్భిణీస్త్రీలకును, పాఠశాలలలోని కౌమారవయస్కులకును ఇనుముతో చేర్చి యిచ్చు మాత్రలో నున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఆ మాత్రను కిటికీలోనుండి పాఱవేయు విద్యార్థి, ఒకడు తన సోదరులకొఱకు కార్చిన కన్నీటిని పాఱవేయుచున్నాడని యెఱుగవలయును.

ఫోలిక్ ఆమ్లమునకు ప్రతిగా పనిచేయు పదార్థములను గూడ ఆ బృందమే తయారుచేసెను. వానిలో నొకదానిచే బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు కొంతకాలమైనను ఉపశమనము కలిగించి, 1948లో ఆ సంగతి ప్రకటించెను. 1947లో హెట్రజాన్ అను మందు వెలువడెను. బోదకాలునకు కారణమైన క్రిములను చంపు మందు ఇదియే. డి.ఇ.సి. అను పేర మన సముద్రతీర జిల్లాలలో ఇంటింట పంచిపెట్టబడిన మాత్రలు ఇవియే.

ఇక పంటి కథకు ముఖ్యమగు ఘట్టము. పెనిసిలిన్ కొన్ని సూక్ష్మజీవులనే చంపును. పెక్కు రకముల సూక్ష్మజీవులను చంపు మందు మట్టిలో దొరకునని తలచి సుబ్బారావుగారు లెడర్లేలో వెదకులాట యారంభింపజేసిరి. మన నల్లరేగడి చేలోని గుప్పెడు మట్టిలో గూడ లెక్కకు మిక్కిలి సూక్ష్మజీవులుండును. అవి తమలో తాము పోరాడుచు ఒకదానినొకటి చంపు విషములను పుట్టించును. ఆ విషములలో మనుష్యునకు మేలు చేయునది ఏదియో ఏరుకొనవలయును. బెంజమిన్ డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు, విశ్వవిద్యాలయోద్యోగమునుండి విరమించి డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు, ఆ పనికి పూనుకొని దేశదేశముల మట్టిని తెప్పించి పరీక్షించెను. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలపు మట్టిలో బంగారువన్నె గల యొక సూక్ష్మజీవి దొరకెను. దానినుండి వచ్చిన మందునకు ఆరియోమైసిన్ అని పేరిడిరి. ఇదియే టెట్రాసైక్లిన్ వంశపు ఔషధములలో మొదటిది. 1948 జూలైలో ఇది లోకమునకు తెలుపబడెను. మఱి కొన్ని వారములకే, ఆగస్టు నెలలో, సుబ్బారావుగారు న్యూయార్కునందు నిద్రలోనే కన్నుమూసిరి. అప్పటికి వారి వయసు ఏబదిమూడేండ్లు. ఏ బహుమానమును రాలేదు. అమెరికా పౌరసత్వమును వారు పుచ్చుకొనలేదు. తమ పేరును వెనుకనుంచి తోడిపనివారి పేర్లను ముందునకు ద్రోయుట వారి స్వభావము. 1995లో, శతజయంతి సంవత్సరమున, భారత ప్రభుత్వము వారి పేర తపాలాబిళ్ళ వెలువరించెను.

ఇక పంటి లోపలికి చూతము. పన్ను రాతిముక్క గాదు, సజీవాంగము. పైన తెల్లని గట్టిపొర, దాని క్రింద పసుపువన్నె గల దంతధాతువు, అందునకు నడుమ మెత్తని గుజ్జు గలదు. జనులు దీనినే నరమందురు. నిజమునకు నరముతోబాటు రక్తనాళములు, కణములు అందుండును. ఇవన్నియు వేరు కొననున్న రంధ్రముగుండ లోనికి వచ్చును. పుచ్చువలన సూక్ష్మజీవులు గుజ్జును చేరినను, దెబ్బచే వేరు కొనవద్ద రక్తనాళములు తెగినను గుజ్జు చచ్చును. చచ్చిన గుజ్జులో సూక్ష్మజీవులు పెరిగి, వేరు కొనవద్ద చీముగడ్డ కట్టును.

రూట్ కెనాల్ చికిత్సలో దంతవైద్యుడు చచ్చిన గుజ్జును తీసివేసి, వేరులోని సొరంగమును కడిగి, రబ్బరువంటి పదార్థముతో నింపి మూయును. పెద్దవారి పంటికి ఇది మంచి చికిత్స. సక్రమముగా చేసిన పన్ను పెక్కేండ్లు నమలుటకు పనికివచ్చును. ఐనను ఆ పన్ను బ్రదికినది గాదు. చెడకుండ కాపాడబడిన శరీరము వంటిది.

పిల్లల విషయము వేఱు. ముందరి శాశ్వతదంతము ఆఱేడెనిమిదేండ్ల ప్రాయమున చిగురుదాటి వచ్చునుగాని, దాని వేరు పూర్తియగుటకు మఱి మూడేండ్లు పట్టును. ఆ లోపల గుజ్జు చచ్చిన వేరు పెరుగుట ఆగిపోవును. వేరు గోడలు పలుచగా, కొన తూములాగున వెడల్పుగా మిగులును. లోపల మందు నింపినను అట్టి పన్ను చిన్న దెబ్బకే మెడవద్ద విఱుగును. పదియేండ్ల బాలిక నోటిలో ముందరి పన్ను పోయిన, పదునెనిమిదేండ్లు నిండువఱకు శాశ్వతమైన కట్టుడుపన్ను పెట్టుటయు కష్టమే. చేయి నోటికడ్డము పెట్టుకొని నవ్వు పిల్ల యొకతె మా యుపాధ్యాయులలో ఎవరికి దెలియదు? కనుక ప్రాణము పోయు వైద్యము ముందుగా కావలసినది ఈ పిల్లల పండ్లకే.

1961లో నార్వే దేశీయుడగు నీగార్డ్-ఓస్ట్‌బీ అను దంతవైద్యుడు వేరు సొరంగములో రక్తము గడ్డకట్టునట్లు చేసిన అందు క్రొత్త కణజాలము పెరుగునేమో యని పరీక్షించెను. భావము మంచిది, కాని సొరంగములో సూక్ష్మజీవులు మిగిలియున్నంతవఱకు ఏదియు మొలకెత్తదు. కలుపుతో నిండిన మడిలో మిరపనారు పోసిన ఫలమేమి? సుబ్బారావుగారి యింటి మందులు పంటిని చేరుట ఇచ్చట అక్కఱకు వచ్చెను. 1960 ప్రాంతమున స్విట్జర్లాండులో ష్రోడరు మొదలగువారు టెట్రాసైక్లిన్ వంశపు మందు నొకదానిని చేర్చి పంటిలో పెట్టు లేపనమును కల్పించిరి. లెడర్లే వారే దానిని లెడర్మిక్స్ అను పేర విపణికి దెచ్చిరి. ఆ వంశమునకే చెందిన మినోసైక్లిన్‌ను గూడ లెడర్లే శాస్త్రజ్ఞులే 1960 తరువాత తయారుచేసిరి. జపానులో హోషినోగారును వారి తోడివారును ఈ మినోసైక్లిన్‌తో మఱి రెండు మందులు కలిపి, పంటివేరులోని సూక్ష్మజీవులను చంపు మూడుమందుల లేపనమును 1996 నాటికి పరీక్షించి ప్రకటించిరి.

2001లో జపానునందును, 2004లో అమెరికాయందును, గుజ్జు చచ్చి చీముపట్టిన బాలుర పండ్లకు క్రొత్త చికిత్స చేసిన వృత్తాంతములు వెలువడెను. పద్ధతి యిది: సొరంగమును గీకక మెల్లగా మందునీటితో కడుగుదురు. సూక్ష్మజీవులను చంపు లేపనమును కొన్ని వారములుంచుదురు. పిమ్మట దానిని కడిగివేసి, వేరు కొన యవతల సన్నని సూదితో తాకి రక్తము సొరంగములోనికి ఊరునట్లు చేయుదురు. ఆ రక్తము గడ్డకట్టగా దానిమీద గట్టిపడు మందు పెట్టి పన్ను మూయుదురు. వేరు కొనవద్ద నుండు మూలకణములు ఆ రక్తముతో లోనికి వచ్చి పెరుగును. పెక్కుమంది పిల్లలలో గడ్డ మానెను. కొందఱిలో వేరు పొడవై, గోడలు దళసరియైనవి. అందఱిలో ఒకేవిధముగా జరుగలేదు.

మఱి లోపల పెరిగినదేమి? కొన్ని పండ్లు తరువాత వేఱొక కారణమున తీయబడగా సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. అందున్నది మొదటి గుజ్జు గాదు. తఱచుగా ఎముకను, వేరుమీది పొరను పోలిన కణజాలము కనబడెను. యెహెజ్కేలు ప్రవక్త దర్శనమున ఎండిన యెముకలు కూడెను, మాంసము వచ్చెను, చర్మము కప్పెను. ఐనను ఊపిరి వేఱుగా రావలసివచ్చెను. పంటి విషయమున వైద్యులు నేటికి మాంసము కప్పు ఘట్టమున నున్నారు.

పెద్దవారి పంటి సంగతి ఇంకను కష్టము. వేరు పూర్తియైన పంటి కొనరంధ్రము మిల్లీమీటరుకంటె సన్నము. ఆ సన్నని దారిలో రక్తము, కణములు చాలినంతగా పోవుట దుర్లభము. మూలకణములును వయసుతో తగ్గును. కావున కణములను బయటినుండి తెచ్చి పెట్టు ప్రయత్నము జరుగుచున్నది. పంటి గుజ్జులో మూలకణములు గలవని 2000లోను, ఊడిన పాలపండ్లలో గలవని 2003లోను తెలిసినది. 2017లో జపానునందు నకషిమా మొదలగువారు ఐదుగురు పెద్దవారి పండ్లలో వారివారి కణములనే పెంచి పెట్టి చూచిరి. 2018లో చైనావారు దెబ్బతిన్న పిల్లల ముందరిపండ్లలో వారి పాలపంటి కణములను పెట్టి, రక్తనాళములతోను స్పర్శతోను గూడిన గుజ్జు పెరిగినదని ప్రకటించిరి. ఇవి యాశ కలిగించు పనులే. ఐనను చిన్న పరీక్షలు, ఖర్చు మిక్కిలి, కణములు పెంచు ప్రత్యేక ప్రయోగశాల కావలయును. కనుక వేరు పూర్తియైన పెద్దవారి చచ్చిన పంటికి నేటికిని సాధారణముగా నమ్మదగినది రూట్ కెనాల్ చికిత్సయే. జీవము పోయుదుమని చెప్పి ధనమడుగువారిని, ఎందరి పండ్లలో చేసిరి, ఎన్నియేండ్లు చూచిరి, చల్లదనము తగిలిన ఆ పన్ను తెలిసికొనుచున్నదా, ఎక్స్‌రేలో వేరు మారినదా యని యడుగుట తలిదండ్రుల హక్కు. భాస్వరమును కొలిచి బహుమానము పొందిన మతమునే ప్రశ్నించిన వాని దేశస్థులము మనము. కొలత లేని మాటను మనమేల నమ్మవలయును?

మందునకు గుణముతోబాటు దోషమును గలదని గూడ ఈ కథ తెలుపుచున్నది. టెట్రాసైక్లిన్ కాల్షియముతో కలియును. పండ్లు ఏర్పడుచున్న వయసున పిల్లలకు ఆ మందు విశేషముగా ఇచ్చిన పండ్లకు గోధుమవన్నె మచ్చ శాశ్వతముగా పట్టునని 1956 నాటికే కనుగొనిరి. అందుచే ఎనిమిదేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును సాధారణముగా దానిని వాడరు. మూడుమందుల లేపనములోని మినోసైక్లిన్ గూడ పంటిని నల్లబఱచుటచే, నేడు పెక్కు వైద్యులు దానిని తీసివేసి తక్కిన రెంటినో, సున్నపు మందునో వాడుచున్నారు. లేపనము మఱీ చిక్కనైన మూలకణములును చచ్చును. కలుపుమందెక్కువైన పైరు మాడునని మన రైతుబిడ్డలకు వేఱే చెప్పనక్కఱలేదు. మందుల దుకాణమున తామే గొట్టములు కొని, విప్పి, పంటిలో పొడి యద్దుకొనువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

ఐతే పంటిమీద మచ్చ కనబడినంతమాత్రాన మందునే నిందింపరాదు. 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడువలన పండ్లును ఎముకలును చెడుటను వెల్లడించిరి. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడినపుడు అందు చేరిన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు ఆ బాధను బాగుగా నెఱుగును. అట్టి మచ్చపన్ను చచ్చిన పన్ను గాదు. దెబ్బ తగిలి ఒక్క పన్ను నల్లబడుట వేఱు, నీటివలన పండ్లన్నియు మచ్చలగుట వేఱు. ఏది యేదియో దంతవైద్యుడు పరీక్షించి చెప్పవలయును.

ఇంటను బడియందును చేయదగిన పనులు కొన్ని గలవు. ఆటలో శాశ్వతదంతము ఊడి క్రిందపడిన, వేరును తాకక పైభాగమును పట్టి యెత్తవలెను. మన్నంటిన నీటితో ఒకమాఱు తొలిపి, వీలైన వెంటనే దాని స్థానముననే పెట్టి, మెత్తని గుడ్డ కొఱికి పట్టించవలయును. వీలుకాకున్న పాలలో వేసి, గంటలోపల దంతవైద్యునివద్దకు పోవలెను. గీకరాదు, తుడువరాదు, ఎండనీయరాదు. పాలపన్ను ఊడిన మాత్రము మరల పెట్టరాదు. దెబ్బతిన్న పన్ను కదలకున్నను, నొప్పి లేకున్నను, ఒకమాఱు చూపించి, పిమ్మట కొన్ని నెలలు కనిపెట్టి యుండవలెను. వేరు పూర్తిగాని వయసున త్వరగా పోయిన పన్ను దక్కు ఆశ యెక్కువ; చీముపట్టి ముఖము వాచువఱకు తడసిన ఆశ తక్కువ.

సుబ్బారావుగారి జీవితమునుండి మేము గ్రహించినది ఒక్కటి. శుద్ధిచేయుట వేఱు, జీవమిచ్చుట వేఱు. వారును వారి తోడివారును సూక్ష్మజీవులను చంపు మందునిచ్చి మడిని శుభ్రపఱచు ఉపాయము లోకమునకిచ్చిరి. ఆ మడిలో నిజమైన గుజ్జు మొలకెత్తించు పని మిగిలియున్నది. దానిని చేయువారు ఎక్కడనుండి వత్తురో ఎవరికి దెలియును? మూడవమాఱు పరీక్ష వ్రాయుటకు సిగ్గుపడని భీమవరపు బాలుడు కండరపు రహస్యమును కనుగొనునని నాడెవ్వరు తలచిరి? ప్రత్తియేరి బడికి వచ్చు బాలికయో, మిరపకల్లమున తల్లికి తోడుపడి రాత్రి దీపమువద్ద చదువు బాలుడో ఆ పనికి పూనుకొనవచ్చును. మా వంతు పని వారికి లెక్కయును, ఓర్పును, సత్యమునందు భయభక్తులును నేర్పుట. తలిదండ్రుల వంతు వారిని బడి మాన్పింపకుండుట. తక్కినది దేవుని కృప.